ఎరుపు ఆరని వారం

ఆ యేడు బెరడు వలిచే కాలం వచ్చింది గాని, ఎవరి కోసం వలవాలో మాలో ఎవరికీ తెలియలేదు.

సీసా బిరడాలకు బెరడిచ్చే ఆ కార్కు చెట్లకు ఈ సంగతులు పట్టవు. ఎండ ముదిరేసరికి లోపల రసం ఎక్కుతుంది. గొడ్డలి ఆనించి కాస్త తిప్పితే చాలు, బెరడు పలకలా ఊడివస్తుంది. ఆ కొద్ది వారాలు దాటితే మళ్ళీ మానును కరచుకుంటుంది. అప్పుడు లాగితే చెట్టు చర్మం కూడా చిరుగుతుంది. మేం గొడ్డళ్ళు నూరుకుని కూర్చున్నాం. సైన్యం పాత ప్రభుత్వాన్ని దించేశాక దొర జాడ లేదు. బ్రెజిల్ పోయాడన్నారు కొందరు, స్పెయిన్‌లోనే ఉన్నాడన్నారు మరికొందరు. భూమి దున్నేవాళ్ళదే అని రేడియో పొద్దున చెప్పేది. సాయంత్రం అదే రేడియో తొందరపడొద్దనేది. పోర్చుగల్ దక్షిణాన ఈ అలెంతేజులో మా చుట్టుపక్కల ఎస్టేట్లు ఒక్కొక్కటే కూలీల చేతికి వచ్చేశాయి. మాది మాత్రం గేటుకు తాళంతో అలాగే ఉంది. ఆ తాళంచెవి మా మామ అనక్లేతు నడుముకు వేలాడేది.

ఆయన దొర తండ్రి కాలం నుంచి ఆ ఎస్టేటుకు కావలి. నేను ఇల్లరికపు అల్లుణ్ణి. గేటు లోపల పక్కనే కావలి ఇల్లు. అందులో మామ, నా భార్య ఫెలిజ్మీన, నేను. నాకు మాటలు తక్కువ. ఆ ఇంట్లో మాటలన్నీ తండ్రీ కూతుళ్ళవే.

"వచ్చే ఆదివారం అన్ని ఊళ్ళ నుంచీ జనం వస్తారు నాన్నా. తాళం నువ్వే తీస్తే మర్యాదగా ఉంటది" అంది ఫెలిజ్మీన ఒక రాత్రి అన్నాల దగ్గర.

"దొర వచ్చి తియ్యమంటే తీస్తా."

"దొర రాడు."

"రాకపోతే తియ్యను."

"వాళ్ళు ఊరుకోరు."

"ఊరుకోకపోతే దూకమను. దూకినోణ్ణి దూకినచోటే పడుకోబెడతా. నీ మొగుడైనా సరే."

తుపాకీ ఆయన వెనక గోడ మీదే ఉంది. ఆయన దానివైపు చూడను కూడా లేదు.

"నేనెందుకు దూకుతా మామా, నేను లోపలే గదా ఉండేది" అన్నాను.

ఇద్దరూ నా వైపు చూశారు. అసలు నువ్వు ఎటువైపో తేల్చుకోమన్నట్టు ఉంది ఆ చూపు. నాకు భూమి కావాలి. మామ మీద చెయ్యి పడకూడదు. ఈ రెండూ ఒకే ఆదివారం ఎలా కుదురుతాయో నాకు తోచలేదు.

జనం కొద్దిమందే వస్తే పోలీసులు తరిమేస్తారు, పెద్ద గుంపు వస్తే ఏ పోలీసూ ముందుకు రాడు, అందుకే పోస్టర్లు కావాలని తేల్చాడు ఎవరీస్తు. కూలీల సంఘానికి పెద్ద అతనే. ఆ రోజుల్లో అందరినీ కామ్రేడ్ అనేవాడు, తన కంచరగాడిదతో సహా. పోస్టర్లు కొట్టడం నేర్పడానికి లిస్బన్ నుంచి ఒదేత అనే బొమ్మల బడి పిల్లను పిలిపించాడు. ఆ పిల్ల రొట్టెల బండిలో దిగింది, రెండు కొయ్య చట్రాలూ, ఏదో పత్రికాఫీసులో మిగిలిపోయిన కాగితం చుట్టా వేసుకుని. ఎస్టేటు బయట, గొర్రెలకు బొచ్చు కత్తిరించే షెడ్డులో మకాం పెట్టింది. పుల్లలా ఉండేది. మా ఆడవాళ్ళు పోటీలుపడి తిండి మోసుకెళ్ళేవారు.

చట్రానికి పిండి జల్లెడలాంటి సన్నని బట్ట బిగించి ఉంది. ఒదేత దళసరి కాగితం మీద చెట్టు మాను గీసి, ఆ మేరకు కత్తితో కోసి తీసేసింది. బొక్కపడిన ఆ కాగితాన్ని బట్టకు అడుగున అంటించింది. పైన రంగు పోసి రబ్బరు పలకతో ఈ కొస నుంచి ఆ కొసకు లాగితే, కోసినచోట రంగు దిగుతుంది, మిగతాచోట ఆగిపోతుంది. చట్రం ఎత్తితే కింద కాగితం మీద మాను.

"ముందు ఎరుపు. అది అప్పుడే బెరడు వలిచిన చెట్టు" అంది. "అది బాగా ఆరాక దానిమీద నలుపు. గొడ్డలి పట్టుకున్న మనిషి, రాతలు నలుపులో వస్తాయి. ప్రతి కాగితమూ బల్ల మీద కొట్టిన ఈ అట్టముక్కలకే ఆనాలి. జరిగిందంటే చెట్టు ఒకచోట, మనిషి ఒకచోట పడతారు."

"పడితే పడనీ అమ్మాయ్. మావోళ్ళు సగంమంది పన్లో అట్టాగే ఉంటారు, చెట్టొకచోట, మనిషొకచోట" అన్నాడు ఎవరీస్తు. "ఇదుగో ఈ జసింతు మాత్రం చెట్టుని ఆనుకునే ఉంటాడు. ఏది చెట్టో ఏది మనిషో మనమే పోల్చుకోవాలి."

జసింతు అంటే నేనే. అందరూ నవ్వారు. ఫెలిజ్మీన కూడా నవ్వింది.

రబ్బరు పలక లాగడం ఆమెకే బాగా కుదిరింది. ఏటా గోడలకు సున్నం వేసే చెయ్యి, ఒత్తిడి ఎక్కడా తగ్గేది కాదు. కాని మొదటి ఎర్రమాను చూసి మొహం చిట్లించింది.

"ఇది పెదాలకి పూసుకునే ఎరుపు గదా. మా చెట్టు ఇట్టా ఉండదు."

"నా దగ్గర ఉన్నది ఇదే. ఇది కూడా అన్ని కాగితాలకూ రాదు" అంది ఒదేత.

"గోడల కింద పట్టీ వేసే ఎర్రమన్ను ఉంది ఇంట్లో. దాన్ని కలపొచ్చా?"

"నూనెలో కలిపితే రావచ్చు. అవిసె నూనె ఉందా?"

"తలుపులకి పూసేది ఉంది" అంది ఫెలిజ్మీన.

ఇంటికి వెళ్ళి కలిపి, బక్కెట్లో తెచ్చింది. ఈసారి చట్రం ఎత్తేసరికి నేను దగ్గరికి జరిగాను. వలిచి రెండు రోజులైన మాను సరిగ్గా అలాగే ఉంటుంది, తడిగా, చల్లగా, ఎద్దు నెత్తురు రంగులో. ఎవరీస్తు టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. పొద్దు వాలేసరికి చుట్టలో ఉన్న కాగితమంతా కోసి ఎరుపు కొట్టేశారు. షెడ్డులో తాళ్ళ నిండా బట్టలు ఆరేసినట్టు ఎర్రమానులు వేలాడాయి.

జూలై ఎండలో మా గోడ మీద సున్నం, కుంచె తీసేలోపు ఆరిపోతుంది. ఆ ఎరుపు మర్నాడు ఆరలేదు. ఆ మర్నాడూ ఆరలేదు. వేలు పెడితే వేలికి వచ్చేది. ఒదేత తలుపులు తీయించింది, మూయించింది, అట్టలతో విసిరించింది.

"నాకు అర్థం కావడం లేదు. లిస్బన్‌లో చలికాలంలో కూడా ఈపాటికి ఆరిపోవాలి" అని నా వైపు చూసింది, నేనేదో చెబుతానన్నట్టు.

నేను కాగితాలే చూస్తున్నాను. ఒక్కొక్క మాను చుట్టూ పసుపు పచ్చని అంచు పాకి, కాగితం అవతలి వెలుగు కనబడుతోంది. పండగకు పిండివంటలు చుట్టిన కాగితం అలా అవుతుంది.

శుక్రవారం ఎవరీస్తు ఆగలేకపోయాడు. "ఆరకపోతే పోనీ, నలుపు కొట్టెయ్" అన్నాడు. కొట్టారు. చట్రం ఎత్తితే కాగితం కూడా దానితోపాటే లేచింది. ఊడబెరికి చూస్తే ఎరుపూ నలుపూ కలిసి పేడరంగు. గొడ్డలి లేదు, మనిషి లేడు, ఆదివారమన్న మాటా లేదు.

"మొత్తం పోయినట్టేనా?" అన్నాడు ఎవరీస్తు.

"కాగితం మళ్ళీ తెప్పించాలి. ఈ ఆదివారానికి కుదరదు" అంది ఒదేత.

ఫెలిజ్మీన బట్ట మీది రంగును గుడ్డతో నెమ్మదిగా తుడుస్తూ ఉండిపోయింది.

ఆ రాత్రి రొట్టె చారు. వెల్లుల్లీ కొత్తిమీరా నూరి, వేడినీళ్ళు పోసి, పాతరొట్టె ముక్కలు వేసి, పైన ఆలివ్ నూనె ధారగా పోస్తేనే అది చారు. బుధవారం నుంచి మా చారు మీద నూనె చుక్క లేదు. మామ చెంచాతో ఒకసారి తిప్పి చూశాడు. కూతురి వైపు చూశాడు.

"నూనె…" అన్నాను నేను.

"తిను" అన్నాడు మామ.

అవిసె నూనె డబ్బా కిటికీలో ఉంది. నేను లేచి ఎత్తి చూశాను. మూతి దాకా నిండుగా ఉంది. పక్కన ఆలివ్ నూనె జాడీ బోర్లించి ఉంది. ఈస్టరుకు తలుపులకు రంగు వేసేది ఫెలిజ్మీనే. ఏ నూనె ఆరుతుందో, ఏది ఏళ్ళు గడిచినా ఆరదో ఆమెకు కాక ఇంకెవరికి తెలుస్తుంది? పొరపాటు అందామంటే, పొరపాటు చేసే మనిషి కాదు. కావాలని చేసిందందామంటే, ఆదివారం కోసం అందరికన్నా ఎక్కువ తిరిగింది ఆమే. డబ్బాను ఉన్నచోటే పెట్టాను.

శనివారం ఎవరీస్తు ఇద్దరు మనుషులను వెంటేసుకుని గేటు దగ్గరికి వచ్చాడు. ఒదేత కూడా వచ్చింది. మామ గేటు తీయలేదు, ఇనప కమ్ముల అవతలే వాళ్ళు నిలబడ్డారు. గుమ్మంలో ఫెలిజ్మీన చిక్కుడు కాయలు ఒలుస్తోంది. కిటికీ గేటుకు ఎదురుగానే ఉంటుంది.

"బాబాయ్, రంగులో ఏం కలిపావ్?" అన్నాడు ఎవరీస్తు.

"ఏ రంగు?"

"తెలవనట్టు మాట్టాడకు. ఎరుపు ఆరట్లా. ఆదివారం చెడగొట్టాలని ఉన్నది ఊరు మొత్తానికి నీ ఒక్కడికే."

ఫెలిజ్మీన చేతిలో కాయలు వదిలేసి లేచింది. నోరు తెరిచింది. ఆమె మాట బయటికి రాకముందే మామ గట్టిగా అన్నాడు:

"ఆలివ్ నూనె పోశా. అవిసె నూనె పారబోసి, ఆలివ్ నూనె పోశా. చాలా? ఇంకేమన్నా చెప్పాలా?"

నేను నెమ్మదిగా జరిగి కిటికీకి అడ్డం నిలబడ్డాను.

"ఆలివ్ నూనె ఎప్పటికీ ఆరదు తాతగారూ!" అంది ఒదేత.

"ఆరదనే పోశా."

"సొంత కూతురి కష్టం గూడా కనపడలేదా నీకు?" అన్నాడు ఎవరీస్తు.

"నా కూతురి కష్టం సంగతి నువ్వు నాకు చెప్పబాక."

ఎవరీస్తు కమ్మీ మీద చేత్తో ఒక్క చరుపు చరిచాడు. "సరే. మీ దొరకి ఒక వారం ఆయుష్షు పోశావ్. పై ఆదివారం ఈ గేటు ఇక్కడ ఉండదు, చెప్తున్నా" అని వెళ్ళిపోయాడు. ఫెలిజ్మీన కూర్చుని మళ్ళీ కాయలు అందుకుంది. ఆమె చేతుల్లో కాయ చాలాసేపు ఒలవకుండానే ఉంది.

మధ్యాహ్నం మామ తోటలో తిరగడానికి వెళ్తుంటే నేనూ వెంట నడిచాను. ఆయన ఒక్కొక్క మానూ అరచేత్తో తట్టుకుంటూ వెళ్తున్నాడు.

"మామా, నువ్వు ఆ షెడ్డు మొహం చూడలా గదా."

"చూడలా."

"మరి ఎందుకు ఒప్పుకున్నావ్?"

"నువ్వు కిటికీకి ఎందుకు అడ్డం నిలబడ్డావ్?"

నేను ఆయన తట్టిన మానునే మళ్ళీ తట్టాను.

"చారులో నూనె లేకపోతే నాకు తెలవదా?" అన్నాడు. "ఈ ఊళ్ళో నన్ను కొత్తగా తిట్టడానికి ఏమీ మిగల్లేదల్లుడూ. అది ఇంకా చాలా కాలం వాళ్ళ మధ్య బతకాలి."

"ఆదివారం ఏం చేస్తావ్ మరి?"

"గేటు కాస్తా. నా పని అదేగా."

కూతురి తప్పు నెత్తిన వేసుకున్న మనిషే, కూతురు గేటు దగ్గరికి వస్తే తుపాకీ పట్టుకు నిలబడతాడా? ఆయన మొహంలో వెతికాను. ఏమీ దొరకలేదు. "ఇది వలుపుకొచ్చింది" అన్నాడు ఒక చెట్టును తట్టి. అంతే.

మంగళవారం కొత్త కాగితం వచ్చింది. నేను ఇంటికి వచ్చేసరికి ఫెలిజ్మీన బక్కెట్లో ఎర్రమన్ను పోసి, కిటికీలోని డబ్బా మూత తీస్తోంది.

"ఇప్పుడు అవిసె నూనా?" అన్నాను.

"ఇప్పుడు ఆరాలి."

"అప్పుడు?"

"అప్పుడు ఆరకూడదు." కర్రతో కలపడం మొదలుపెట్టింది. "ఆ రంగు కలిపే ముందు రోజు నాన్న తుపాకీ విప్పి తుడిచాడు. నువ్వూ చూశావుగా. చూసి నువ్వేం చేశావ్?"

"ఏం చెయ్యను?"

"నేనూ అదే అనుకున్నా. ఏం చెయ్యను అని. చేతిలో జాడీ ఉంది, పోశా."

"వారంలో ఏం మారుతుంది ఫెలిజ్మీనా?"

"నాకేం తెలుసు?" అంది విసుగ్గా. "వారం దొరికింది, తీసుకున్నా. ఇంకో వారం దొరకదు. నువ్వు ఆ బక్కెట్ పట్టుకురా."

పట్టుకెళ్ళాను. ఈసారి ఎరుపు ఒక్క పూటలో ఆరింది. దానిమీద నలుపు దిగింది, అట్టముక్కలకు ఆనించిన కాగితం వెంట్రుకవాసి కూడా జరగలేదు. గొడ్డలివాడు మానును ఆనుకునే నిలబడ్డాడు. కింద పెద్ద అక్షరాలు: ఆదివారం, గేటు దగ్గరికి, అందరూ. ఎవరీస్తు, ఒదేత గంజి బక్కెట్లు కంచరగాడిద మీద వేసుకుని ఊరూరా అంటించుకొచ్చారు. మా గేటు స్తంభానికి మాత్రం ఫెలిజ్మీనే అంటించింది, తండ్రి చూస్తుండగా. ఆయన పీకలేదు. చదవనూ లేదు.

గురువారం మధ్యాహ్నం తెల్లటి కారు ఒకటి వచ్చి గేటు ముందు నిలిచి, ఆపకుండా హారన్ కొట్టింది. దొరగారి మేనల్లుడు. మామ పరుగెత్తాడు. ఆ వయసులో ఆయన పరుగెత్తడం నేను చూడలేదు. టోపీ చేతిలో పట్టుకుని గేటు తీశాడు. చొక్కా గుండీలు సర్దుకున్నాడు.

మేనల్లుడు పెద్ద బంగళాలోకి వెళ్ళి వెండి సామాను, గోడ గడియారం తెప్పించి కారులో పెట్టించాడు. తర్వాత వేటకుక్కలను అడిగాడు. ఆ కుక్కలను పాలుపట్టి పెంచింది మామే. ఒక్కొక్కదాన్ని ఎత్తి వెనక సీట్లో కూర్చోబెట్టాడు. చిన్నది దిగిపోతుంటే నచ్చజెప్పి మళ్ళీ ఎక్కించాడు.

"బాబుగారూ, ఆదివారం వాళ్ళొస్తున్నారు" అన్నాడు. "అయ్యగారు నన్నేం చెయ్యమన్నారు?"

మేనల్లుడు కారు అద్దం సగం దాకా దించాడు. "కుక్కలకు నీళ్ళు పట్టావా?" అన్నాడు.

"పట్టానండి."

అద్దం పైకి వెళ్ళింది. కారు పోయింది. దుమ్ము అణిగేదాకా మామ గేటు రెక్క పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత మూసి తాళం వేసి, కుక్కలకు పెట్టే తొట్టె కడిగి ఎండలో బోర్లించాడు. ఆ రాత్రి ఎవరీస్తు భార్య దగ్గర బదులు తెచ్చిన నూనె చారు మీద ఉంది.

ఇలా జరుగుతుందని ఫెలిజ్మీనకు ముందే తెలుసా? తెలిసే వీల్లేదు. మరి ఆ వారం ఎందుకు కావాలనిపించింది? నేను ఈనాటికీ తేల్చుకోలేదు.

ఆదివారం పొద్దెక్కకముందే ఫెలిజ్మీన వెళ్ళి జనంలో కలిసింది. పోస్టర్లు పని చేశాయి. ట్రాక్టర్ ట్రాలీల మీద, సైకిళ్ళ మీద, నడిచి, తెల్ల రోడ్డంతా మనుషులే. మామ గడ్డం గీసుకుని పండగ కోటు తొడుక్కున్నాడు. బట్టల మూట ఒకటి కట్టుకున్నాడు. నా కళ్ళు గోడ మీదికే పోతున్నాయి.

"దాన్నెందుకు చూస్తావ్? అది దొరది, ఉండనీ" అని తుపాకీ ముట్టకుండా బయటికి నడిచాడు.

నన్ను కూడా గేటు బయటికి రమ్మని, తాళం వేశాడు. గేటుకు వీపు ఆనించి నిలబడ్డాడు. లోపల ఉంటాడనుకున్న మనిషి బయట ఉండేసరికి ముందు వరసలో వాళ్ళు ఆగిపోయారు. వెనకవాళ్ళు తోసుకొచ్చి వాళ్ళకు గుద్దుకున్నారు.

"బాబాయ్, తాళంచెవి ఇటియ్యి" అన్నాడు ఎవరీస్తు. గొంతులో ఆవేళ నవ్వు లేదు.

"నీకియ్యను."

"ఇయ్యకపోతే…"

"మాట వినరా ముందు. ఇది పెద్ద దొర నా చేతిలో పెట్టాడు. మొన్న వాళ్ళ మనిషొచ్చాడు. గడియారం అడిగాడు. కుక్కల్ని అడిగాడు. దీన్ని అడగలా. వాళ్ళకి అక్కర్లేదంటే ఇది నాదే. నాది నా కూతురికి పోద్ది." నడుముకున్న తాడు విప్పాడు. "మీరెవరో, మీ సంఘమేందో నాకు తెలవదు. ఫెలిజ్మీనా, ఇట్రా."

ఆమె ముందుకు వచ్చింది. గోళ్ళ సందుల్లో ఇంకా ఎరుపు ఉంది. ఆయన తాళంచెవి ఆమె చేతిలో పెట్టి వేళ్ళు మూశాడు.

"కొంచెం ఎత్తి తిప్పాలి. ఎడం రెక్క కిందికి దిగింది" అన్నాడు.

ఆమె ఎత్తి తిప్పింది. గేటు తెరుచుకుంది. ఎవరో పాట ఎత్తుకున్నారు, అందరూ అందుకున్నారు. గుంపు ఆమెను ముందుకు తోసుకుంటూ లోపలికి పోయింది. వెనక్కి తిరిగి చూడబోయిన ఆమె తల ఒక్కసారి కనబడి, టోపీల మధ్య కలిసిపోయింది.

మామ మూట భుజాన వేసుకుని అందరికీ ఎదురు నడుస్తూ రోడ్డు మీదికి వచ్చాడు. ఊళ్ళో ఆయన అక్క ఇల్లుంది. నేను గేటు మధ్యలో నిలబడ్డాను. లోపలికి పోయేవాళ్ళు నా భుజాలకు తగులుతూ పోతున్నారు. ఆ తోటలో ప్రతి చెట్టూ నాకు తెలుసు. రేపటి నుంచి వాటిని మా కోసం మేమే వలుస్తాం. కాళ్ళు మాత్రం రోడ్డు వైపు నడిచాయి.

మలుపు దగ్గర అందుకుని మూట తీసుకోబోయాను. ఆయన ఇవ్వలేదు.

"నువ్వెందుకొచ్చావ్? వెనక్కి పో. అది ఒక్కతే ఉంది లోపల."

"ఒక్కతే ఏంది మామా? ఊళ్ళకి ఊళ్ళే ఉన్నాయి గదా లోపల."

"అదే నేను చెప్పేది" అన్నాడు.